కొత్త రౌటర్ డబ్బా విప్పకముందు

కొత్త రౌటర్ ఇంటికొచ్చిందా? డబ్బా టేపు అప్పుడే కోయకండి. పిల్లలకి అందకుండా బీరువా మీద పెట్టి, ఒక పాత నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని కూర్చోండి. రౌటర్ మార్చడం అరగంట పని. దానికి ముందు చేసుకోవాల్సిన పని ఒక పూట పడుతుంది. ఆ పూట ఎగ్గొడితే ఏమవుతుందో నేను అనుభవించాను.

మాది పర్లాకిమిడి, ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న ఊరు. ఒక రథయాత్ర రోజు పొద్దున్న ఇంట్లో అందరూ రథం దగ్గరికి తయారవుతుంటే, సెలవు దొరికింది కదా అని నేను కొత్త రౌటర్ ముందేసుకుని కూర్చున్నాను. పాతదాన్ని శుభ్రంగా తీసేద్దామని దాని వెనక చిన్న కన్నంలో పిన్నీసు పెట్టి రీసెట్ బటన్ పది సెకన్లు నొక్కాను. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్లీ వెలిగాయి. కొత్తది బిగిస్తే అది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగింది. వైఫైది కాదు, కనెక్షన్‌ది. ఆ రెండూ ఉన్నది ఒకే ఒక్క చోట, నేను పిన్నీసుతో అప్పుడే చెరిపేసిన చోట. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే వెనకాల మేళం మోత, జనం కేకలు. "కాలి ఆసిబి, ఆజ్ఞా" అన్నాడు. ఒడియాలో కాలి అంటే రేపు. తెలుగు చెవికి మాత్రం ఏదో కాలిపోయినట్టే వినిపిస్తుంది. ఆ రేపు మూడోనాటికి వచ్చింది. ఈలోగా మా అమ్మ పూటకోసారి "ఏటయింది నాన్నా నెట్టుకి" అని అడుగుతూనే ఉంది.

అంచేత మొదటి మాట: పాత రౌటర్‌లో ఉన్నదంతా కాగితం మీదకి వచ్చేదాకా దాని రీసెట్ బటన్ జోలికి పోవద్దు. అది ఏరు దాటకముందే తెప్ప తగలేయడం.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. కాబట్టి రౌటర్‌ని రౌటర్ అనే అంటాను, తర్జుమా చేసి మిమ్మల్ని హింసపెట్టను.

గోడలోంచి వచ్చే తీగ సంగతి

ఇంట్లోకి వచ్చే సన్నటి ఫైబర్ తీగ ఏ పెట్టెలోకి వెళ్తోందో చూడండి. అందరం దాన్ని మోడెం అంటాం కానీ అసలు పేరు ఓఎన్‌టీ. ఫైబర్‌లో వచ్చే వెలుతురుని మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చడం దాని పని. దాన్ని ఇంట్లో పదిమందికీ పంచడం రౌటర్ పని. కొన్ని ఇళ్లలో ఇవి రెండు వేర్వేరు పెట్టెలు. చాలా ఇళ్లలో రెండు పనులూ ఒకే పెట్టె చేస్తుంది, యాంటెన్నాలతో సహా. మీది ఈ రెండో రకమైతే పాతదాన్ని పీకి పారేసి ఆ చోట కొత్తది పెట్టడం కుదరదు. మామూలు రౌటర్‌కి ఫైబర్ దూరే కన్నమే ఉండదు. పాత పెట్టె అక్కడే ఉంటుంది, కొత్తది దాని వెనక చేరుతుంది.

ఫైబర్ చివర ఆకుపచ్చ ప్లగ్గు ఉంటే దాన్ని లాగి చూడాలనే సరదా వద్దు. దాని ముక్కుకి దుమ్ము అంటినా, తీగ గట్టిగా మడతపడినా సిగ్నల్ పడిపోతుంది. లోపలికి తొంగి చూడటం అసలే వద్దు, అందులో వచ్చేది కంటికి కనిపించని లేజర్. దాని బదులు ఓఎన్‌టీ మీద ఏ ఏ లైట్లు వెలుగుతున్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. పాన్ (PON) అని రాసిన లైటు నిలకడగా ఉండాలి, లాస్ (LOS) అని రాసినది ఆరి ఉండాలి. రేపు ఏదైనా తేడా వస్తే తప్పు మీదా, బయట లైన్‌దా అని ఆ ఫోటోని పక్కన పెట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. లాస్ ఎర్రగా మెరుస్తుంటే మీ కొత్త రౌటర్‌ని తిట్టుకోకండి, తేడా ఫైబర్‌లోనే, ఎక్కడో తెగిందో మడతపడిందో.

ఇప్పుడు పాత రౌటర్ లోపలికి వెళ్లాలి. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అని ఒక నంబర్ కనిపిస్తుంది, 192.168.1.1 లాంటిది. అది ఇంటి నెట్‌వర్క్‌లో పాత రౌటర్ అడ్రస్, ఇలాంటి నంబర్‌ని ఐపీ అంటారు. బ్రౌజర్‌లో ఆ నంబర్ కొడితే లాగిన్ పేజీ వస్తుంది. పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. లోపల వాన్ (WAN) లేదా ఇంటర్నెట్ అనే పేజీ వెతకండి. అక్కడ కనెక్షన్ ఏ రకమో రాసి ఉంటుంది: పీపీపీఓఈ (PPPoE) అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కావాలి. డైనమిక్ అయితే ఏమీ అక్కర్లేదు. స్టాటిక్ అయితే నాలుగైదు నంబర్లు రాసుకోవాలి. వీలాన్ ఐడీ (VLAN ID) అని ఏదైనా అంకె ఉంటే దాన్ని వదలకండి. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా నెట్ రాకపోవడానికి చాలాసార్లు కారణం ఆ చిన్న అంకె మరిచిపోవడమే.

ప్రతి పేజీకీ ఫోటో తీయండి. పీపీపీఓఈ పాస్‌వర్డ్ మాత్రం చుక్కలుగా కనిపిస్తుంది, ఫోటోలో చుక్కలే పడతాయి. దానికోసం మీకు కనెక్షన్ ఇచ్చినవాళ్లని అడగాల్సిందే. ఎలాగూ అడుగుతారు కాబట్టి ఒకే ఫోన్‌లో నాలుగూ అడిగేయండి: యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ ఏమిటి, వీలాన్ నంబర్ ఏమిటి, నా పాత పెట్టె మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పెట్టెకీ ఉండే గుర్తింపు నంబర్‌కి) కనెక్షన్‌ని ముడిపెట్టారా, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టగలరా. బ్రిడ్జ్ మోడ్ అంటే పాత పెట్టె రౌటర్ పని మానేసి ఫైబర్ పని ఒక్కటే చేసి, మిగతాదంతా కొత్తదానికి వదిలేయడం. ఓఎన్‌టీకి ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించి ఉంటే, బ్రిడ్జ్ చేశాక అది మోగుతుందా అని కూడా అడగండి. ఫోన్లో చెప్పినదాన్ని నమ్ముకోకుండా వాట్సాప్‌లో పంపించమనండి. ఇంగ్లీషులో పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా, సున్నాకీ ఓ అక్షరానికీ తేడా ఫోన్లో తేలదు, అందులోనూ అవతలివాళ్లు ఒడియాలో, మనం తెలుగులో మాట్లాడుకుంటుంటే.

అదే పేజీలో వాన్ ఐపీ అనే నంబర్ కూడా రాసుకోండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ లేదు, చాలామందికి కలిపి ఒకటే ఇచ్చారు. మామూలు వాడకానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి బయటినుంచి ఇంటి కంప్యూటర్‌లోకి రావాలనుకుంటే, ఎంత ఖరీదైన రౌటర్ కొన్నా కుదరదు. అందుకోసమే రౌటర్ కొన్నవాళ్లుంటే టేపు కోయకుండా వెనక్కి పంపేయొచ్చు.

ఇంట్లో నెట్టు వాడేవాళ్ల లెక్క

మీ ఇంట్లో నెట్టుకి తగిలినవి ఎన్ని? ఆరో ఏడో అనుకుంటారు. పాత రౌటర్‌లో కనెక్టెడ్ డివైసెస్ పేజీ తెరవండి. మా ఇంట్లో పంతొమ్మిది తేలాయి. ఫోన్లు ఐదు, టీవీ, ప్రింటర్, కెమెరాల రికార్డింగ్ పెట్టె డీవీఆర్, రెండు స్మార్ట్ బల్బులు, ఇన్వర్టర్... ఇన్వర్టర్‌కి వైఫై ఉందని నాకే తెలీదు. రెండు మాత్రం ఎవరివో అర్థం కాలేదు. తీగ లాగితే అందులో ఒకటి కిందింటి వాళ్ల అబ్బాయి టాబ్ అని తేలింది. దసరాకి వచ్చిన చుట్టాల ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మేడ దిగింది.

ఈ లిస్టు నోటుబుక్కులో రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు చాలు: పేరు, తీగతో ఉందా వైఫైతో ఉందా, దానికి కదలని నంబర్, అంటే ఎప్పుడూ మారని ఐపీ, కావాలా. డీవీఆర్‌కి, ప్రింటర్‌కి కావాలి. ఫోన్లకి అక్కర్లేదు. డీవీఆర్ ఐపీని చాలామంది కెమెరా బిగించినప్పుడే లోపల పెట్టేసి మరిచిపోతారు. రౌటర్ మారి నంబర్ల వరస మారగానే కెమెరాలు కనిపించడం మానేస్తాయి. అది రౌటర్ తప్పు కాదు. ఆ డీవీఆర్ ఇంకా పాత వీధి అడ్రసులోనే కూర్చుని ఉంటుంది. అందుకని ముందే టీవీకి తగిలించి, డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో డీహెచ్‌సీపీ (రౌటర్ పంచే నంబర్‌ని తీసుకునే పద్ధతి) ఆన్ చేసేయండి. కదలని నంబర్‌ని తర్వాత కొత్త రౌటర్‌లోనే కేటాయించవచ్చు.

వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్తదానికి కూడా అవే పెడితే వైఫైతో ఉన్నవన్నీ వాటంతట అవే వచ్చి అతుక్కుంటాయి. అందరూ ఇచ్చే సలహా ఇదే. నేను కొంచెం వేరేగా చేస్తాను. పాత పేరు, పాత పాస్‌వర్డ్ కొత్త రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్‌కి, అంటే వచ్చేపోయేవాళ్ల కోసం విడిగా ఉండే రెండో వైఫైకి, ఇస్తాను. బల్బులు, ఇన్వర్టర్, చుట్టాల ఫోన్లు అన్నీ తెలియకుండానే అందులోకి వెళ్లిపోతాయి. మన ఫోన్లకి, ల్యాప్‌టాప్‌కి, ప్రింటర్‌కి మాత్రం కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్. బల్బుల కోసం ఎక్కి దిగి మళ్లీ కలిపే పని తప్పుతుంది, కిందింటి అబ్బాయితో గొడవా ఉండదు, చవక బల్బుల్లోంచి ఎవరైనా దూరినా మన ల్యాప్‌టాప్ దాకా రాలేరు. ఒక్క ఇబ్బంది ఏమిటంటే, మెయిన్ నెట్‌వర్క్‌లోని ఫోన్ నుంచి గెస్ట్‌లోని వస్తువుతో నేరుగా మాట్లాడటం కుదరదు. ఇంటర్నెట్ మీదుగా నడిచే బల్బులకి ఇది అడ్డు కాదు.

ఇలాంటి వస్తువులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. కాబట్టి ఆ గెస్ట్‌ని 2.4 మీదే పెట్టండి. సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఎంచుకుంటే పాత ప్రింటర్లు మొరాయిస్తాయి, డబ్ల్యూపీఏ2తో కలిసినది పెట్టండి.

ఒకే పేరున్న రెండు వీధులు

మనవాళ్లు ఎక్కువసార్లు బోల్తా పడేది ఇక్కడ. ఓఎన్‌టీని బ్రిడ్జ్ చేయకుండా కొత్త రౌటర్‌ని దాని వెనక పెట్టారనుకోండి. పాతది 192.168.1.1. కొత్తదానికీ కంపెనీవాళ్లు 192.168.1.1 అనే పెట్టి పంపారు. ఒక ఊళ్లో ఒకే పేరుతో రెండు వీధులుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? కొత్త రౌటర్‌ది అదే పరిస్థితి. బయటికి పంపాల్సినదీ లోపల ఇవ్వాల్సినదీ ఒకే వరస నంబర్లతో కనిపిస్తాయి. వైఫై ఫుల్లుగా చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు. కొన్ని రౌటర్లు ఈ గొడవ కనిపెట్టి వాటంతట అవే నంబర్ మార్చుకుంటాయి, అన్నీ కాదు.

కాబట్టి కొత్త రౌటర్‌కి నంబర్ వరస ముందే అనుకోండి. ఇళ్లలో వాడుకోవడానికి 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168తో మొదలయ్యేవి ఉన్నాయి. నేను 192.168.50 వరస వాడతాను. 0, 1 వరసలు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంటినుంచి విపిఎన్ మీద ఆఫీసు పని చేసేవాళ్లకి ఆఫీసులోనూ అదే వరస ఉంటే ఫైళ్లు తెరుచుకోవు.

ఆ వరసలో చివరి అంకెలని నోటుబుక్కులో ఇలా గీసుకోండి: 1 రౌటర్‌కి, 2 నుంచి 20 దాకా కదలనివాటికి, 100 నుంచి 200 దాకా వచ్చేపోయేవాటికి. డీవీఆర్ 10, ప్రింటర్ 11 అని పేర్లు రాసేయండి. రెండేళ్ల తర్వాత మీకే ఉపయోగపడుతుంది.

ఫైర్‌వాల్ పెట్టె అయితే

రౌటర్ బదులు రెండు నెట్‌వర్క్ పోర్టులున్న చిన్న కంప్యూటర్ కొని, అందులో పీఎఫ్‌సెన్స్ గానీ ఓపీఎన్‌సెన్స్ గానీ, అంటే రౌటర్ పనితో పాటు బయటినుంచి దూరేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, వేసుకునేవాళ్లు ఈమధ్య కనిపిస్తున్నారు. మంచిదే, పట్టు ఎక్కువ ఉంటుంది. కానీ మీకు ఓపిక ఉంటేనే. ఇంట్లో మీరు తప్ప ఎవరికీ దాన్ని ముట్టుకోవడం రాకపోతే, మీరు బరంపురం వెళ్లిన రోజే అది ఆగుతుంది.

ఇది వైఫై ఇవ్వదు. అందుకని పాత రౌటర్‌ని వైఫై ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా మార్చాలి. దానికి మూడు పనులు, ఈ వరసలోనే: దాని ఐపీని కొత్త వరసలోకి, 192.168.50.2 లాగా మార్చండి. దానిలో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఫైర్‌వాల్ నుంచి వచ్చే తీగని దాని వాన్ కన్నంలో (బయటి నెట్ వచ్చేది) కాకుండా లాన్ కన్నంలో (ఇంట్లో వస్తువులకి వెళ్లేది) పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే ఇంట్లో నంబర్లు పంచేవాళ్లు ఇద్దరవుతారు. ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, పక్క ఫోన్‌కి రాదు, కాసేపాగితే తారుమారవుతుంది. వెతికి వెతికి పిచ్చెక్కుతుంది. ఓపీఎన్‌సెన్స్ కూడా మొదట 192.168.1.1 తోనే లేస్తుంది, పైన చెప్పిన వీధుల గొడవ గుర్తుంచుకోండి. పాత పెట్టెలోనే ఓఎన్‌టీ కూడా ఉంటే అది ఫైబర్ దగ్గరే ఉండాలి, యాక్సెస్ పాయింట్‌కి వేరే రౌటర్ చూసుకోవాలి.

తీగలు, కరెంటు

మా వీధిలో ఇళ్లు వీధి గుమ్మం నుంచి పెరటి నూతి దాకా రైలు పెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి, మధ్యలో జానెడున్నర మందం పాత గోడలు. ముందు గదిలో రౌటర్ పెడితే వంటింట్లోకి వైఫై వెళ్లేసరికి దానికి ఆయాసం వస్తుంది. ఎంత మంచి రౌటర్ కొన్నా ఇది మారదు. ఇంటి మధ్యకి ఒక లాన్ తీగ లాగి అక్కడ రౌటర్ పెట్టండి. క్యాట్ 5ఈ తీగ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. కొనేటప్పుడు షాపులో చివర లోపలి తీగని బ్లేడుతో గీకి చూడండి. పైన రాగి రంగు, గీకితే తెల్లగా ఉంటే అది అల్యూమినియం మీద రాగి పూత. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. షాపాయన మొహం మాడ్చుకున్నా సరే, గీకే కొనండి.

పాత తీగ ఉంటే చివర ప్లగ్గులో ఎనిమిది తీగలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. నాలుగే ఉంటే 100 ఎంబీపీఎస్ దాటదు. ప్లాన్ అంతకంటే ఎక్కువైతే డబ్బు దండగ.

అడాప్టర్లన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి, ఇక్కడే కొంప మునుగుతుంది. ఒక్కోదాని మీద పేరు రాసి తెల్ల టేపు అంటించండి. ఓల్టులు సరిగ్గా అవే ఉండాలి, ఆంపియర్లు సరిపడా గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. మినీ యూపీఎస్ కొంటే ఓఎన్‌టీ, రౌటర్ రెండూ దాని మీద ఉండాలి. రౌటర్ ఒక్కదానికే పెట్టి, కరెంటు పోతే వైఫై ఉంది, నెట్ లేదేమిటి అని అడిగేవాళ్లు నాకు ఇంకా ఫోన్ చేస్తూనే ఉంటారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసిన మా గజపతి జిల్లావాళ్లకి యూపీఎస్ దేనికి పనికొస్తుందో, దేనికి రాదో చెప్పక్కర్లేదు. ఇది రోజువారీ కోతలకే.

కాలవైశాఖి (వేసవి గాలివాన) ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకడం అందరికీ తెలుసు. డాబా మీది కెమెరా నుంచి దిగే రాగి తీగని మాత్రం మరిచిపోతారు. పిడుగు దెబ్బ దాని వెంట కూడా లోపలికి వస్తుంది. కొత్త రౌటర్‌కి ఆ తీగ తగిలించే చోటు సులువుగా చెయ్యి అందేలా పెట్టుకోండి.

రిహార్సల్

ఇప్పుడు టేపు కోయండి. కానీ పాతదాన్ని ముట్టుకోవద్దు. కొత్త రౌటర్ వాన్ కన్నంలోంచి పాత రౌటర్ లాన్ కన్నంలోకి ఒక తీగ వేసి, కొత్తదాన్ని దాని వెనకాలే నడిపించండి. ఇంట్లోవాళ్లు పాత వైఫైలోనే ఉంటారు, ఎవరికీ తెలీదు. మీరు నిదానంగా కొత్తదానిలో నంబర్ల వరస, వైఫై పేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ అన్నీ పెట్టుకోండి. గెస్ట్‌కి పాత పేరు మాత్రం ఇప్పుడే పెట్టొద్దు, రెండు చోట్లా ఒకే పేరుంటే ఫోన్లు తికమకపడతాయి.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇప్పుడే చేసేయండి, మధ్యలో కరెంటు పోకుండా యూపీఎస్ మీద పెట్టి. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ ఆపండి, బయటినుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపండి. ఇంట్లో వస్తువులు బయటినుంచి లోపలికి దారి వాటంతట అవే తెరుచుకునే యూపీఎన్‌పీ కూడా నేను ఆపేస్తాను. ఆన్‌లైన్ గేములాడే పిల్లలు ఫిర్యాదు చేస్తే అప్పుడు చూద్దాం. ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసులు) వాడుతుంటే దాని ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూడండి. ఐపీవీ6లో ఇంట్లో ఒక్కోదానికి బయటికి కనిపించే అడ్రస్ వస్తుంది, రౌటర్ దగ్గర అడ్డుగా ఉండేది ఆ ఫైర్‌వాల్ ఒక్కటే. అంతా అయ్యాక సెట్టింగ్స్ బ్యాకప్ ఫైల్ ఒకటి ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి.

మార్చే రోజు

పండగ రోజు వద్దు. పిల్లల పరీక్షల రోజు వద్దు. కనెక్షన్ ఇచ్చినవాళ్లు ఫోన్ ఎత్తే రోజు చూసుకోండి, పొద్దున్న మొదలుపెట్టండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఉందో లేదో, ఇంట్లో ఎక్కడ బాగా వస్తుందో ముందే చూడండి. మా ఇంట్లో ముందు గదిలో ఫోన్ ఒడిశా టవర్ పట్టుకుంటుంది, డాబా ఎక్కితే పాతపట్నం వైపు టవర్ దొరుకుతుంది. రౌటర్ యాప్, మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్‌లోకి ముందురోజే దించి పెట్టుకోండి. నెట్ లేని వేళ నెట్ ఎలా తేవాలో నెట్‌లో వెతకడం కష్టం.

ఓఎన్‌టీని బ్రిడ్జ్ చేయించినా, విడి ఓఎన్‌టీ ఉన్నా పాత రౌటర్ కరెంటు తీసి ఐదు పది నిమిషాలు ఆగండి. పీపీపీఓఈలో పాత లాగిన్ అవతల ఇంకా బతికి ఉంటే కొత్తదాన్ని రానివ్వకపోవచ్చు. ఓఎన్‌టీని కూడా ఆపి ఆన్ చేయండి. పాన్ లైటు నిలబడ్డాక కొత్త రౌటర్‌ని తగిలించి, నోటుబుక్కు చూసి వివరాలు కొట్టండి. రాలేదా? వరసగా చూడండి: యూజర్‌నేమ్‌లో ఖాళీ పడిందా, వీలాన్ అంకె వేశారా, మ్యాక్ ముడి ఉందా. ముడి ఉంటే కొత్త రౌటర్‌లో మ్యాక్ క్లోన్ అనే చోట పాతదాని మ్యాక్ వేస్తే సరిపోతుంది. మధ్యాహ్నం దాకా రాకపోతే మొండికెయ్యకండి. పాతదాన్ని తగిలించేయండి, బ్రిడ్జ్ చేయించుంటే ముందు దాన్ని తిరిగి మామూలు మోడ్‌లోకి మార్పించండి. ఇంకో రోజు చూసుకోవచ్చు, ఇంట్లో టెన్షన్ ఉండదు.

వచ్చిందా? ఇప్పుడు గెస్ట్‌కి పాత పేరు పెట్టండి. లిస్టు పట్టుకుని గది గదికీ తిరిగి టిక్కులు పెట్టండి. డీవీఆర్‌ని మర్చిపోకండి, దాన్ని దొంగ పడ్డ రోజున గానీ ఎవరూ తెరిచి చూడరు.

పాత రౌటర్ కనెక్షన్ వాళ్లదైతే అడిగినప్పుడు తిరిగి ఇవ్వాలి. మీదైతే దాని అడాప్టర్‌ని దానికే రబ్బరు బ్యాండుతో కట్టి, కొత్తది వచ్చిన డబ్బాలో పెట్టి ఒక నెల బీరువా మీద ఉంచండి. పిన్నీసు మాత్రం దూరంగా పెట్టండి.